ట్రాక్ మీకోసం ఆగదు, దాన్ని మీరే వినాలి

మీరు అడిగింది ఇది: సినిమాల్లో విన్న పియానో కన్చర్టోలను (సోలో పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచనలను) పియానో లేని ఆర్కెస్ట్రా ట్రాక్ పెట్టుకుని వాయిస్తుంటే ఎప్పుడూ ముందో వెనకో అయిపోతున్నాను, వేళ్ల వేగం పెంచుకోవాలా?

అక్కర్లేదు. పదింట తొమ్మిదిసార్లు లోపం వేళ్లలో ఉండదు, వినడంలో ఉంటుంది. సోలో భాగం కంఠతా వచ్చినవాళ్లను కూడా ఆ సమయంలో వయొలిన్లు ఏం వాయిస్తున్నాయో పాడమంటే పాడలేరు. ఎదుట కండక్టర్ ఉంటే మీకోసం అర క్షణం ఆగుతాడు. రికార్డు ఆగదు. అందుకే ఆర్కెస్ట్రా ట్యూన్‌ని గొంతెత్తి పాడుతూ, ఎడమచేతి బాస్ ఒక్కటే వాయించండి. అది కుదిరాకే కుడిచేయి కలపండి.

అంతకంటే ముందు మీ దగ్గరున్న స్కోరు, అంటే స్వరాలు రాసిన పుస్తకం, ఏదో చూసుకోండి. 1941లో వచ్చిన ‘డేంజరస్ మూన్‌లైట్’ సినిమాకి రిచర్డ్ అడిన్‌సెల్ రాసిన వార్సా కన్చర్టోకి సోలో పియానో అరేంజ్‌మెంట్లు బోలెడు దొరుకుతాయి. వాటిలో ఆర్కెస్ట్రా ట్యూన్‌ని కూడా పియానోలోకే సర్దేస్తారు. అది ట్రాక్‌తో కలిపి వాయిస్తే ఒకే ట్యూన్ రెండుసార్లు వినిపిస్తుంది, పియానో అసలు చేయాల్సిన పని మరుగున పడిపోతుంది. మీకు కావాల్సింది రెండు పియానోల స్కోరు. అందులో సోలో ఒక పియానోకి, ఆర్కెస్ట్రా అంతా రెండో పియానోకి ఉంటుంది. మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి రచన లేదు: ఒకే మూవ్‌మెంట్ (భాగం), సుమారు 9 నిమిషాలు. సినిమా సంగీతమే కదా అని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఒక్కసారి ట్రాక్‌తో కూర్చుని చివరిదాకా వాయించి చూడాలి.

అసలు చిక్కు ఎక్కడొస్తుందో ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ (1945)లో వినిపించే రహ్మానినోవ్ 2వ కన్చర్టో చూస్తే తెలుస్తుంది. మొదటి 8 బార్లు (స్కోరులో నిలువు గీతల మధ్య ఉండే తాళం గళ్లు) పియానో ఒక్కటే గంటలు మోగినట్టు కార్డ్స్, అంటే కలిసి మోగే స్వరాల గుత్తులు, వాయిస్తుంది. 9వ బార్‌లో ఆర్కెస్ట్రా అందుకుంటుంది. స్కోరులో ఉన్న టెంపో (వేగం) లెక్కన ఆ 8 బార్లకు 15 సెకన్లు చాలు, కానీ చాలామంది అంతకు దాదాపు రెట్టింపు తీసుకుంటారు. పైగా 9వ బార్ ముందు వేగం తగ్గించాలి. ఇక ట్రాక్‌తో ఎలా కలుస్తుంది?

దీనికి దారి ఉంది. ఆడాసిటీ లాంటి ఆడియో ఎడిటర్‌లో ట్రాక్ మొదట్లోని ఖాళీని కోసేసి, 7, 8 బార్లకు మాత్రం, బార్‌కి రెండు బీట్ల చొప్పున, నాలుగు క్లిక్కులు పెట్టండి. 9వ బార్‌లో ఒక్కో బీట్ 1 సెకను అయితే క్లిక్కుల మధ్య వ్యవధి 1.1, 1.2, 1.3, చివరి క్లిక్కు నుంచి ఆర్కెస్ట్రాకి 1.5 సెకన్లు ఉంచండి. 6 బార్లు మీ ఇష్టమొచ్చినంత నిదానంగా వాయించి, 7వ బార్ మొదటి బీట్ మీద ఎడమ కాలితో ప్లే నొక్కండి. పేజీ తిప్పే పెడల్‌ని స్పేస్ కీ పంపేలా సెట్ చేసుకుంటే చాలు. కుడి కాలు పియానో స్వరాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ మీదే ఉండాలి. చెయ్యి అందక కార్డ్‌ని కింది నుంచి పైకి విరిచి వాయించేవాళ్లు కాస్త ముందే మొదలుపెట్టి, పై స్వరం బీట్ మీద పడేలా చూసుకోవాలి. ఆర్కెస్ట్రా అందుకోగానే మీరు తగ్గాలి. అక్కడ ట్యూన్ తీగవాద్యాలది, మీ స్వరాల పరుగులు దానికి తోడు మాత్రమే. అక్కడ కూడా గట్టిగా బాదితే తీగల బీట్ చెవికి అందదు, మళ్లీ తప్పిపోతారు.

శ్రుతి కలవకపోతే పియానోని అనుమానించకండి. చాలా ఆర్కెస్ట్రాలు ‘ఎ’ స్వరాన్ని 442 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసుకుంటాయి, మీ పియానో 440 కావచ్చు. ట్రాక్ పిచ్‌ని 8 సెంట్లు, అంటే 0.08 సెమీటోన్ (పక్కపక్క మీటల మధ్య తేడా ఒక సెమీటోన్) దించండి. ట్రాకులు అమ్మేవాళ్లు ఈ ఒక్క అంకె కవర్ మీద వేస్తే ఎంత బాగుండేది!

బ్లూటూత్ గురించి కూడా అపోహలున్నాయి. మామూలు పియానోకి బ్లూటూత్ స్పీకర్‌లో ట్రాక్ పెడితే ఇబ్బంది లేదు, మీరు విన్నదానితోనే వాయిస్తారు. డిజిటల్ పియానో శబ్దాన్నే బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో వింటే మాత్రం మీ మీట ఆలస్యంగా పలుకుతుంది, తెలియకుండానే ముందుకు ఉరుకుతారు. వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి.

టెంపో 75 శాతంతో మొదలుపెట్టి 5 చొప్పున పెంచండి. మరీ తగ్గిస్తే తీగల శబ్దం సాగిపోయి బీట్ ఎక్కడుందో తెలియదు. 90 శాతం దగ్గర క్లిక్కులు తీసేయండి. ఎక్కడైనా తప్పితే వెనక్కి వెళ్లి ఆ తప్పిన చోటి నాలుగు బార్లలో ఆర్కెస్ట్రా ట్యూన్‌ని మళ్లీ పాడండి.