ఇత్తడి మీద పేరు ఎక్కించేముందు

నెల్లూరు

చిరంజీవి చిన్నతల్లికి పెదనాయన ఆశీస్సులు.

ఒంగోలులో నీ కార్డుల షాపుకు పెద్ద ఆర్డరు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇత్తడి రేకు మీద ఎచింగ్‌తో (రసాయనంతో తినిపించి అక్షరాలు తేల్చే పని) 300 శుభలేఖలు, పెట్టుపోతల వెంకటగిరి చీరలకు గోల్డ్ ఫాయిల్ (వేడి అచ్చుతో అద్దే మెరుపు పొర) పేర్లతో 40 పెట్టెలు. చాలా సంతోషం తల్లీ. నువ్వు టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పాడు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో నిలబడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు అక్షరం సంగతి. మెరుపు గురించి పార్టీ, అంటే ఆర్డరిచ్చినవాళ్ళు, ఎంతైనా అడుగుతుంది, అక్షరం గురించి మాత్రం అడగదు. అది నువ్వే చూసుకోవాలి. నేను ప్రెస్సు పెట్టిన కొత్తలో ఒక పెళ్ళికి 400 కార్డులు ఫాయిల్‌లో కొట్టాను. పెళ్ళికూతురి పేరులో త కింద స, న రెండు ఒత్తులు ఉన్నాయి. నేను ఎంచుకున్న ఫాంటులో ఆ ఒత్తులు సన్నగా, ఇరుకుగా ఉన్నాయి. వేడి కాస్త ఎక్కువ పెట్టేసరికి రెండూ కలిసిపోయి బంగారు మరకలా తయారైంది. వాళ్ళ నాన్న కార్డు చేతిలో పట్టుకుని, "మా అమ్మాయి పేరేది బాబూ?" అని నెమ్మదిగా అడిగాడు. ఆ 400 కార్డులూ నా ఖర్చుతో మళ్ళీ కొట్టాను. డబ్బు పోయినందుకు కాదు గానీ ఆయన అడిగిన మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఫాయిల్ బ్లాకు, అంటే ఫాయిల్‌ను అద్దే లోహపు అచ్చు, సాధారణంగా 100 నుంచి 150 డిగ్రీల మధ్య వేడి మీద పనిచేస్తుంది. వేడి ఎక్కువైతే అక్షరాల కడుపులు పూడిపోతాయి, మెరుపు కూడా మసకబారుతుంది. తక్కువైతే అక్కడక్కడా అంటుకోదు. మన లిపిలో థలో చుక్క పూడితే ధ అనిపిస్తుంది, ఠలో చుక్క పూడితే ర అనిపిస్తుంది. ఇంగ్లీషు కార్డుకు సరిపోయిన వేడి, ఒత్తిడి తెలుగు కార్డుకు సరిపోతాయని అనుకోవద్దు.

ఎచింగ్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఇత్తడిని తినేది ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం. అది లోతుకు తినేటప్పుడు పక్కలకూ తింటుంది. అక్షరం గుంటగా పడే డిజైన్ అయితే గీతలు లావెక్కి, చుక్క పక్క గీతతో కలిసిపోతుంది. చుట్టూ తినిపించి అక్షరాన్ని పైకి నిలబెట్టే డిజైన్ అయితే గీత సన్నబడి చుక్క మాయమవుతుంది. అందుకే రెండిటికీ ఒకే ఆర్ట్‌వర్క్ పంపకు. గీత గానీ గీతల మధ్య సందు గానీ 0.3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే నేనైతే ఒప్పుకోను. వరుసల మధ్య కూడా బాగా చోటు వదులు. పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటే ఎంత ఖరీదైన ఇత్తడైనా చూడబుద్ధి కాదు.

ఇంకొకటి, ఫాయిల్ బ్లాకులో అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉండాలి, ఇత్తడి రేకు మీద సూటిగా ఉండాలి. ఈ రెండు పనులూ ఒకే చోట ఇస్తున్నావు కదా, ఏది ఎలా ఉండాలో కాగితం మీద రాసివ్వు. ఫోన్‌లో చెప్పి వదిలెయ్యకు.

మీ ఒంగోలు పేరు పల్లవుల రాగిరేకుల మీద ఓంగోడు అని ఉంటుంది. పదిహేను వందల ఏళ్ళు దాటినా ఆ రేకులను చదవగలుగుతున్నాం. లోహం మీద పేరు ఎక్కించేవాళ్ళెవరికైనా అది గుర్తుండాలని నా కోరిక.

ఇప్పుడు బరువు లెక్క. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు, అర మిల్లీమీటరు మందం ఉన్న ఇత్తడి రేకు దాదాపు 64 గ్రాములు తూగుతుంది. 300 రేకులంటే 19 కిలోలు. కవరు, అట్ట కలిస్తే ఇంకా ఎక్కువ. కొరియర్ ఖర్చు పార్టీకి ముందే చెప్పావా? నన్నడిగితే మొత్తం కార్డు ఇత్తడిలో వద్దు. వధూవరుల పేర్లు మాత్రం 5 సెంటీమీటర్ల చదరపు రేకు మీద, 0.3 మిల్లీమీటర్ల మందంలో చేయించు. ఒక్కొక్కటి ఆరేడు గ్రాములే ఉంటుంది. దాన్ని మంచి అట్ట మీద అతికించి, ముహూర్తం, కళ్యాణ మండపం చిరునామా మామూలు సిరాతో అచ్చు వేయించు. ముసలివాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకుని చదివేది ఆ భాగాన్నే. అద్దంలా మెరిసే ఇత్తడి మీద రంగు నింపని అక్షరాలు అస్సలు వద్దు, చదవబోతే మన మొహమే కనిపిస్తుంది. గుంటల్లో ముదురు ఎరుపు ఎనామిల్ రంగు నింపించు.

మూలలు గుండ్రంగా చేయించు, అంచులు నున్నగా అరగదీయించు. పైన క్లియర్ లక్క (రంగులేని వార్నిష్ పూత) వేయకపోతే మన సముద్రపు గాలికి ఇత్తడి త్వరగా నల్లబడుతుంది. లక్క వేసేలోపు ఉత్త చేత్తో ముట్టుకుంటే వేలిముద్రలు అలాగే ఉండిపోతాయి. కవరులో చిన్న చీటీ కూడా పెట్టు, చింతపండుతో తోమొద్దని. ఇత్తడి కనిపిస్తే మన ఆడవాళ్ళ చెయ్యి ఊరుకోదు, తోమితే పైన లక్క పోతుంది.

శుభలేఖ నాలుగు మూలలా పసుపు పెడతారు కదా. లామినేషన్ మీద, ఫాయిల్ మీద పసుపు నిలవదు, రాలిపోతుంది. మూలల్లో ఏ పూతా లేకుండా ఉత్త కాగితం వదులు. ఇది డిజైన్ చేసే పిల్లలకు తట్టదు, ఆ ఇంటి పెద్దామెకు మాత్రం మొదట అదే కనిపిస్తుంది.

చీరల పెట్టెల పని తేలిక. 40 పెట్టెలకు జింకు బ్లాకో మెగ్నీషియం బ్లాకో చాలు, ఖరీదైన ఇత్తడి బ్లాకు వేలల్లో కొట్టేవాళ్ళకు. గరుకు చేతికాగితం మీద ఫాయిల్ గుంటల్లోకి దిగదు, నున్నటి అట్ట తీసుకో. లామినేషన్ ఉంటే దానికి సరిపోయే ఫాయిల్ అడిగి తెప్పించు. మూత మీద ఇత్తడి బిళ్ళ కూడా కావాలంటే లోపలివైపు రివెట్టు కొనలు బయటికి ఉండకూడదు, జరీ పోగు తగిలితే చీర పాడవుతుంది. లోపల మెత్తటి గుడ్డ అస్తరు వేయించు. పార్టీ "ఇది బంగారమా?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. గోల్డ్ ఫాయిల్‌లో బంగారం ఉండదు, సన్నటి అల్యూమినియం పొర మీద పసుపు రంగు ఉంటుంది.

ఎచింగ్ ఇంట్లో ప్రయత్నిస్తానన్నావట, వద్దు తల్లీ. వాడేసిన ద్రావణంలో రాగి కలిసి ఉంటుంది, అది కాలవలో పడితే చేపకూ రొయ్యకూ విషం. మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు రొయ్యల గుంటల మీద బతుకుతున్నాయో నీకు తెలుసు. ఆ నీళ్ళు పద్ధతిగా శుద్ధి చేసే చోటే పని ఇవ్వు.

మొదటి ప్రూఫు రేకు, ఒక పెట్టె మూత రెండూ పార్టీకి చూపించకముందే బస్సులో నాకు పంపు. భూతద్దం పెట్టి ఒత్తు ఒత్తూ చూసి రాత్రికల్లా ఫోన్ చేస్తాను. మీ పెద్దమ్మ నిన్ను అడిగానని రాయమంది.

పెదనాయన