ఇంజినీరింగ్ కాలేజీకి ముందు పాదిరీల కాలేజీ

ప్రశ్న: హౌరా దగ్గరి శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో ఒకప్పుడు పాదిరీలను తయారుచేసేవారట. నిజమేనా? అన్ని జాతులవాళ్లూ అక్కడ కలిసి చదివారా? మన డోర్నకల్‌లోనూ అదే పద్ధతా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమే. దాని పేరు బిషప్స్ కాలేజీ. కలకత్తా తొలి ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చికి చెందిన) బిషప్ మిడిల్టన్ 1820 డిసెంబరు 15న బొటానికల్ గార్డెన్ పక్కన దానికి పునాదిరాయి వేశారు. ఇంగ్లండులోని మిషన్ సంఘాలు తలా 5,000 పౌండ్లు ఇచ్చాయి. భవనం పూర్తికాకముందే, 1822లో ఆయన కన్నుమూశారు.

ఆయన ఒక్క కాలేజీ నెత్తిన నాలుగు పనులు పెట్టారు: దేశీయ క్రైస్తవ యువకులను గురువులుగా (అంటే పాదిరీలుగా), ఉపదేశులుగా (మతబోధకులుగా) తయారుచేయడం, హిందువులకూ ముస్లిములకూ ఇంగ్లీషు, లోకజ్ఞానం నేర్పడం, బైబిలు అనువాదాలు, ఇంగ్లండు నుంచి దిగిన మిషనరీలకు ఇక్కడి భాషలు చెప్పడం. చదువు మాత్రం ఆక్స్‌ఫర్డ్ కొలతలో కుట్టిన చొక్కా. గ్రీకు, లాటిన్ వచ్చి తీరాలి. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి అది ఎక్కడ సరిపోతుంది? అందుకే భవనం పెద్దదైనా విద్యార్థులు ఎప్పుడూ కొద్దిమందే.

కలిసి చదివారు కానీ సమానంగా కాదు. తెల్ల విద్యార్థులకు నల్ల అంగీ, చదరపు టోపీ. దేశీయులకు తెల్ల అంగీ. 1844లో చేరిన బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్తు దీనికి ఒప్పుకోలేదు. ‘కాలేజీ దుస్తులైనా ఇవ్వండి, లేదా మా దేశపు దుస్తులేసుకుంటా’నని పట్టుబట్టి, పట్టుబట్టలు, రంగురంగుల తలపాగాతో వచ్చాడట. చివరికి అధికారులే దిగివచ్చారని చెబుతారు. తండ్రి డబ్బు ఆపేయడంతో చదువు మానుకుని, 1848లో మద్రాసు చేరాడు.

1880లో ఆ ఆవరణ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లింది. బిషప్స్ కాలేజీ నది దాటి కలకత్తాలోకి మారి, నేటికీ నడుస్తోంది.

ఇక డోర్నకల్ దారి వేరు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1912లో అభిషేకం) అక్కడ శిక్షణను తెలుగులోనే నడిపారు. గురువులుగా ఎక్కువగా తీసుకున్నది పల్లెబడుల్లో పనిచేసి మెప్పు పొందిన ఉపాధ్యాయులను. వారిలో మాల, మాదిగ కుటుంబాలవారే ఎక్కువ. భార్యలకూ శిక్షణ ఉండేది, ఎందుకంటే పల్లెలో ఆడవాళ్ల మధ్య పని చేయాల్సింది అమ్మగారే. గ్రీకు రాకపోతే ఎవరినీ వెనక్కి పంపలేదు.