మెదక్ ఫ్యాక్టరీలో నిజంగా యుద్ధ ట్యాంకులు చేస్తారా, ఏవీఎన్ఎల్ అంటే అదేనా?

చాలామంది ట్యాంకే అనుకుంటారు గానీ కాదండి. ఎద్దుమైలారంలో (పేరుకి మెదక్ ఫ్యాక్టరీ, ఇప్పుడు ఉన్నది సంగారెడ్డి జిల్లాలో) ముఖ్యంగా చేసేది బీఎంపీ-2, మనవాళ్లు పెట్టిన పేరు సారథ్. సైనికుల్ని లోపల కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే బండి, ట్యాంకులాగే చైన్ల మీద నడుస్తుంది, పైన 30 ఎంఎం గన్ ఉంటుంది, ముగ్గురు సిబ్బంది కాక ఇంకో ఏడుగురు పడతారు. బరువు 14 టన్నుల పైనే, అయినా నీళ్లలో తేలుతుంది! దిగేముందు ముందున్న రేకు పైకి లేపుతారు, ఆ చైన్లు తిరుగుతుంటేనే ముందుకెళ్తుంది. నాకు వింతగా అనిపించేది వెనక తలుపులు, వాటిలో కూడా డీజిల్ పోస్తారు, సైనికులు దిగేదీ అక్కడి నుంచే, ఎవరికి తట్టిందో ఆ ఐడియా.

ఇక ఏవీఎన్ఎల్ అంటే ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్, కేంద్ర ప్రభుత్వ కంపెనీ. 2021 అక్టోబర్‌లో, అప్పటిదాకా ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీల్ని నడిపిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని తీసేసి 41 ఫ్యాక్టరీల్ని ఏడు కంపెనీలకి పంచారు, అందులో ఇదొకటి, హెడ్డాఫీసు చెన్నై దగ్గర ఆవడి. మెదక్‌ది దీని కింద ఉన్న ఐదు ఫ్యాక్టరీల్లో ఒకటి మాత్రమే. అసలు ట్యాంకులు, అంటే టీ-90, అర్జున్ లాంటివి, ఆవడిలో చేస్తారు, ఆర్మీ ట్రక్కులేమో జబల్‌పూర్‌లో.