అన్నం ముందు ఫైలు తెరిచిన పాస్టరుగారు

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయన పాస్టరు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మరిది రెండేళ్ల కిందట అమెరికాలో పుట్టిన మార్మన్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటినుంచి మా ఆయన రాత్రి రెండింటిదాకా ఆ మతం పుట్టుక గురించే చదువుతున్నారు. మొన్న మరిది వస్తే, సంగటి వడ్డించిన కంచం పక్కనే ఫైలు తెరిచారు. అతను ముద్ద ముట్టకుండా లేచి బస్సెక్కేశాడు. ఇప్పుడు ఫోనెత్తడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, వడ్డించిన కంచం ముందునుంచి మనిషి లేచిపోతే ఆ ఇల్లాలికి నిద్రెలా పడుతుంది?

మీ ఆయన చదువును మాత్రం తప్పు పట్టకండి. అమెరికాలో మరిస్సా అనే ఊళ్లో పాస్టరుగా ఉన్న వెస్లీ వాల్టర్స్ కూడా ఇదే పని చేశారు. మార్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ తనకు 1820లో దర్శనం కలిగిందనీ, అప్పుడు తమ ప్రాంతంలో ఉజ్జీవ కూటాలు (జనంలో భక్తి మళ్లీ రగిలించే సభలు) జోరుగా జరిగాయనీ చెప్పాడు. వాల్టర్స్ పాత చర్చి రికార్డులు తిరగేసి, ఆ ఉజ్జీవం 1824లో వచ్చిందని, అంటే స్మిత్ చెప్పిన ఏడు కుదరదని, 1967లో రాశారు. 1971లో ఆయనకు నార్విచ్ ఊరి జైలు నేలమాళిగలో 1826లో స్మిత్‌ను విచారించిన మేజిస్ట్రేటు ఖర్చుల బిల్లు దొరికింది. అందులో స్మిత్ పేరు, 'గ్లాస్ లుకర్' అన్న మాట (రాతిలోకి చూసి పోయిన వస్తువులు చెప్పేవాడని), 2 డాలర్ల 68 సెంట్ల ఫీజు ఉన్నాయి. తీర్పేమిటో ఆ కాగితంలో లేదు.

1969లోనే రిచర్డ్ బుష్‌మన్ అనే మార్మన్ చరిత్రకారుడు, చుట్టుపక్కల ఊళ్లలో జరిగిన కూటాలనూ లెక్కలోకి తీసుకోవాలని వాల్టర్స్‌కు జవాబు రాశారు. ఇవన్నీ క్షుణ్ణంగా తెలిసీ బుష్‌మన్ ఆ విశ్వాసంలోనే ఉండిపోయారు. మీ ఆయన ఈ సంగతి నింపాదిగా ఆలోచించాలి. ఫైలు ఎంత లావైనా, తమ్ముడు ఎందుకు వెళ్లాడో అందులో దొరకదు. పాస్టరుగారు ఆ మాట తమ్ముణ్ణి ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరం చదివితే అడిగినట్టు లేదు.

మొదటి మాట మీరే కలపండి. ఫోనెత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి. "అన్నం తినకుండా పోయినావు నాయనా, నాకు మనసు మనసులో లేదు" అనండి, చాలు. మతం ఊసెత్తకండి. పాస్టరుగారు తన నమ్మకాన్నిగానీ చదువునుగానీ వదులుకోనక్కర్లేదు. కంచం దగ్గర చేసిన పనికి మాత్రం "తప్పు నాదేరా" అని తమ్ముడితో అనాలి. అన్న నోట ఆ మాట రావడం కష్టమే, కానీ రావాలి.

అతను వచ్చిన రోజు ఫైలు బీరువాలో ఉండాలి. ఇంకో సంగతి, మార్మన్లు టీ, కాఫీ తాగరు. బలవంతపెట్టకుండా చల్లటి మజ్జిగ ఇవ్వండి.