ఎదురు మాట్లాడేవాడేడీ?

తమ్ముడూ,

నీ నాటకం నిన్న రాత్రే పూర్తిచేశాను. ముంపులో పోయిన ఊరి గురించి నీకు తెలిసినంత నాకు తెలీదు, కాబట్టి ఆ విషయం జోలికి పోను. నాకు అడ్డుపడింది ఒక్కటే. ఐదుగురు మాట్లాడుతున్నారు, ఐదుగురిదీ ఒకటే ఏడుపు.

గ్రీకు ట్రాజెడీ కూడా మొదట్లో ఇంతే. డయోనైసస్ దేవుడి కొలుపులో కోరస్, అంటే పాటగాళ్ల గుంపు, ఆడుతూ పాడేది. ఆ పాటల్ని ముందుండి నడిపించినవాళ్ల నుంచే ట్రాజెడీ పుట్టిందంటాడు అరిస్టాటిల్. క్రీ.పూ. 534 ప్రాంతంలో థెస్పిస్ అనేవాడు గుంపులోంచి విడిగా వచ్చి పాత్రగా నిలబడ్డాడని ప్రతీతి. (ఇలాంటి 'మొట్టమొదటివాడి' కథల్ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను.) సరే, ఒక్క నటుడు ఏం చేయగలడు? వార్త మోసుకొస్తాడు, కోరస్ గొల్లుమంటుంది. ముఖానికి ఇంకో మాస్కు తగిలించుకుని ఇంకో వార్త తెస్తాడు, మళ్లీ గొల్లు. నాటకకర్త ఈస్కిలస్ వచ్చి రెండో నటుణ్ణి నిలబెట్టాడు, కోరస్ పాటను తగ్గించాడు. బుర్రకథలో వంత అడ్డం తగిలితే కథకుడికి ఊపొచ్చినట్టు, అప్పుడు మాటకు మాట పుట్టింది. మూడో నటుణ్ణి ఆ తర్వాతి నాటకకర్త సోఫోక్లీస్ తెచ్చాడు. యూరిపిడీస్, మొగుడి మీద పగతో కన్నబిడ్డల్నే చంపుకునే మెడియా లాంటి మనిషిని సృష్టించిందీ ఆ ముగ్గురి లెక్కలోనే.

నీ నాటకానికి దగ్గరి సంగతి ఇంకోటుంది. క్రీ.పూ. 494లో పర్షియన్లు మిలేటస్ నగరాన్ని నేలమట్టం చేశారు. ఏథెన్స్‌కి వాళ్లు అయినవాళ్లు. ఫ్రినికస్ అనే ఆయన దానిమీద నాటకం వేస్తే ప్రేక్షకులంతా భోరుమన్నారట. సొంతవాళ్ల దుఃఖం గుర్తుచేశాడని ఏథెన్స్ ఆయనకి వెయ్యి ద్రాక్మాల (వాళ్ల వెండి నాణేల) జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదంది. చరిత్రకారుడు హెరొడోటస్ రాసిపెట్టాడు. జరిమానా అన్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ క్రీ.పూ. 472లో ఈస్కిలస్ 'పర్షియన్లు' ఎలా రాశాడో చూడు. మారథాన్‌ యుద్ధంలో పర్షియన్లతో స్వయంగా పోరాడినవాడు. పర్షియన్లని సముద్రం మీద ఓడించిన సలామిస్ గెలుపుకి ఎనిమిదేళ్లే అయింది. అయినా కథని శత్రువుల రాజధాని సూసాలో పెట్టాడు. కొడుకు కోసం ఎదురుచూస్తున్న రాజమాత, అసలు ఆ ఏథెన్స్ ఎక్కడుందని అడుగుతుంది. దూత వచ్చి చచ్చిపోయినవాళ్ల పేర్లు వరసగా చదువుతాడు, అన్నీ పర్షియా వైపువాళ్ల పేర్లే. నాటకం మొత్తంలో ఒక్క గ్రీకు వీరుడి పేరు కూడా రాదు. తమ ఊరు తగలబెట్టినవాళ్ల ఇంట్లో శోకాన్ని ఏథెన్స్ జనం కూర్చుని చూశారు, మొదటి బహుమతీ ఇచ్చారు.

మౌనం సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకో. క్రీ.పూ. 458 నాటి 'ఒరెస్టియా'లో రెండో నాటకం తీసి చదువు. తండ్రిని చంపిన తల్లిని చంపమని అపోలో దేవుడు ఆజ్ఞాపిస్తే వచ్చినవాడు ఒరెస్టీస్. అతని పక్కన పైలడీస్ అనే స్నేహితుడు మొదట్నుంచీ ఉలకడు, పలకడు. ఊరికే తోడొచ్చాడనుకుంటాం. కన్నతల్లి రొమ్ము చూపించి ప్రాధేయపడితే ఒరెస్టీస్ చెయ్యి ఆగిపోతుంది. ఏం చెయ్యనని స్నేహితుణ్ణి అడుగుతాడు. అపోలో చెప్పిన మాట ఏమైపోవాలి, దేవుళ్లతో తప్ప ఎవరితోనైనా వైరం పెట్టుకో అంటాడు పైలడీస్. నాటకం మొత్తంలో అతనికున్నవి ఆ మూడు పంక్తులే. అవి విన్నాక ఆ తల్లి బతకదు.

నీ రెండో అంకంలో పరిహారం కాగితాలు పట్టుకొచ్చే ఆఫీసరున్నాడు చూశావా? తిట్లు తినడానికే వచ్చి వెళ్తున్నాడు. వాడికి నోరివ్వు. వాడి మాటలో న్యాయం కూడా ఉండనివ్వు, తాతకి జవాబు తట్టనంత న్యాయం. తాత నాలుగు పేజీల గోడులో సగం కొట్టెయ్. మనవరాలు మొదటి రంగం నుంచీ ప్రతిదానికీ ఏడుస్తోంది. ఆ పిల్లని చివరి అంకం దాకా నోరు విప్పనివ్వకు.

సంక్రాంతిలోపు తిరగరాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య