క్లోన్ చేసినా ఖాళీ ఫోల్డరేనా, అల్లుడూ?

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ టెన్షన్ చూసి నవ్వొచ్చింది, ఏమనుకోకు. క్లోన్ చేస్తే, అంటే రిపోని (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) నీ మెషీన్లోకి దించితే, రిపో మొత్తం దిగింది గానీ లోపలి లైబ్రరీ ఫోల్డర్ మాత్రం ఖాళీగా ఉందన్నావు. కోడ్‌లో మార్పుల లెక్క రాసుకునే ఈ గిట్ తీరే అంతరా. రిపోలో ఇంకో రిపో ఉంటే (దాన్నే సబ్‌మాడ్యూల్ అంటారు) దాని ఫైళ్లు తన దగ్గర పెట్టుకోదు. దానిలో ఏ కమిట్, అంటే ఏ దశలో సేవ్ చేసిన కోడ్, కావాలో ఆ ఒక్కటీ గుర్తు రాసుకుంటుంది. అడ్రసేమో .గిట్‌మాడ్యూల్స్ అనే ఫైల్లో ఉంటుంది. మనం అడిగితేనే వెళ్లి తెస్తుంది.

ఆ క్లోన్‌ని పారేయకు. రిపోలోకి వెళ్లి 'గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్' కొట్టు, చాలు.

ప్రతిసారీ ఇదేం తలనొప్పి, డిఫాల్టే మార్చేస్తానన్నావు కదా, సరిగ్గా అక్కడే నేనూ బోల్తా పడ్డాను. లోపలి రిపోల్లోకి కూడా వెళ్లమని చెప్పే 'సబ్‌మాడ్యూల్.రికర్స్' సెట్టింగ్‌ని గ్లోబల్‌గా, అంటే నా రిపోలన్నిటికీ, ట్రూ పెట్టేసి, పనైపోయిందని కాలు మీద కాలేసుకు కూర్చున్నా. మర్నాడు క్లోన్ చేస్తే మళ్లీ అదే ఖాళీ ఫోల్డర్! పుల్, ఫెచ్, పుష్, చెకౌట్ అన్నీ ఆ సెట్టింగ్ మాట వింటాయి, క్లోన్ మాత్రం వినదు. డాక్యుమెంటేషన్లో ఆ సంగతి రాసే ఉంది, చదివితే కదా. పోనీ క్లోన్ పేరుతోనే అలియాస్ (కమాండ్‌కి మనం పెట్టుకునే మారుపేరు) పెడదామని చూశాను. తన సొంత కమాండ్ల పేర్లతో అలియాస్ పెడితే గిట్ అసలు పట్టించుకోదు.

అందుకని వేరే పేరు పెట్టుకో: 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ అలియాస్.సీఎల్ "క్లోన్ --రికర్స్-సబ్‌మాడ్యూల్స్"'. ఇకనుంచి 'గిట్ సీఎల్' అంటే లోపలివి కూడా దిగుతాయి. నీ గిట్ వెర్షన్ 2.34 గానీ ఆ తర్వాతది గానీ అయితే 'సబ్‌మాడ్యూల్.స్టికీరికర్సివ్‌క్లోన్' కూడా ట్రూ పెట్టు. అలా దించిన రిపోల్లో మాత్రమే రికర్స్ ఆన్ అవుతుంది. గ్లోబల్‌గా పెట్టడం కంటే నాకిదే నచ్చింది.

ముక్కూమొహం తెలియని వాళ్ల రిపో అయితే మాత్రం మామూలు క్లోనే చెయ్. ముందు .గిట్‌మాడ్యూల్స్ తెరిచి అడ్రసులు చూసుకో. 2018లో ఆ ఫైల్లో సబ్‌మాడ్యూల్ పేరును మాయచేసి రాసి, రికర్సివ్‌గా క్లోన్ చేసినవాడి మెషీన్లో కోడ్ నడిపించగల లోపం బయటపడింది. 2.17.1లో సరిచేశారు. 2024లో సబ్‌మాడ్యూల్స్‌తోనే అలాంటిది ఇంకోటి, దానికి 2.45.1 వచ్చింది. అడక్కుండా తేకపోవడమే నయమని అప్పట్నుంచీ నా అభిప్రాయం.

అన్నట్టు, ఆ అలియాస్ నీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది. బిల్డ్ మెషీన్‌కీ, టీమ్‌లో కొత్తగా చేరేవాళ్లకీ అదేంటో తెలీదు. రిపో తెరవగానే చదివే రీడ్‌మీ ఫైల్లో పైనే పూర్తి కమాండ్ రాసిపెట్టు.

ఆదివారం భోజనానికి వస్తావా అని అత్త అడుగుతోంది. లాప్‌టాప్ తెచ్చుకో. సబ్‌మాడ్యూల్ లోపల 'డిటాచ్డ్ హెడ్' గొడవ ఒకటుంది, అది ఫోన్లో చెబితే అర్థం కాదు.

మీ మావయ్య