‘ఏర్పరచబడిన వంశము’ అంటే మిగిలినవారికంటే గొప్పవారమని కాదు

పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయంలో క్రైస్తవులను ‘ఏర్పరచబడిన వంశము’ అన్నారు గదా, అంటే ఇతరులకంటే గొప్పవారమని మీ నమ్మకమా అని మీరు అడిగారు. డిగ్రీ చదివే రోజుల్లో నేను ఈ మాటను సరిగ్గా ఆ అర్థంలోనే వాడి, హాస్టల్‌లో నా గదిలో ఉండే స్నేహితుడి మనసు నొప్పించాను. అందుచేత దీనికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకు ఉన్నది.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ సంగతి మా నాయనమ్మకు చెప్పాను. ఆమెకు చదువు రాదు కనుక రాత్రిపూట నేనే బైబిలు చదివి వినిపించేవాణ్ణి. ఆ రాత్రి ఈ మాట ఉన్న తొమ్మిదో వచనంతో ఆపబోతే ఒప్పుకోక, తరువాతిది కూడా చదవమన్నది: “ఒకప్పుడు ప్రజగా ఉండక యిప్పుడు దేవుని ప్రజయైతిరి, ఒకప్పుడు కనికరింపబడక యిప్పుడు కనికరింపబడినవారైతిరి.” చదివాక, “ఆయన జాలిపడి చేర్చుకున్నాడు నాయనా, మన గొప్ప చూసి కాదు” అన్నది.

మాది ఒంగోలు ప్రాంతం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఆమె తాతగారు ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుముందు 1876–78 నాటి ధాత కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ తరువాత ఏటిలోకి దిగినవారిలో అత్యధికులు మాదిగపల్లెల వాళ్లు. ఊరిబావిలో చేద వేయడానికి వీల్లేని మనుషులకు ‘ప్రజగా ఉండక’ అనే మాటను ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

పేతురు ఆ మాటలను హోషేయ గ్రంథం నుంచి తీసుకున్నాడు. అక్కడ ప్రవక్త బిడ్డలకు లోరూహామా, అంటే జాలి నొందనిది అనీ, లోఅమ్మీ, అంటే నా జనము కాదు అనీ పేర్లు పెట్టమని దేవుడే చెప్పి, తరువాత తానే కనికరించి ‘మీరే నా జనము’ అంటాడు. ఇశ్రాయేలీయులతో కూడా, మీరు విస్తార జనమని ఏర్పరచుకోలేదు, లెక్కకు అందరికంటే తక్కువే గదా అని ద్వితీయోపదేశకాండము ఏడో అధ్యాయం చెబుతున్నది. ఏర్పాటుకు కారణం పూర్తిగా ఏర్పరచుకున్నవాడిలోనే ఉన్నప్పుడు, ఏర్పరచబడినవాడు దేనిని చూపి అతిశయించగలడు?

ఈ సంగతి మేమే మరిచిపోతుంటామని ఒప్పుకోవాలి. మా అమ్మాయి పెళ్లి మాటల సమయంలో, మాతో కలిసి ఒకే ప్రభువు బల్లలో, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పాలుపొందే ఒక కుటుంబం, మాది ఏ పల్లె అని ఆరా తీసి, ఆ తరువాత మళ్లీ కబురు చేయలేదు. నాకు కోపంకంటే దుఃఖమే ఎక్కువ కలిగింది, ఎందుకంటే హాస్టల్‌లో నేను చేసిన తప్పు కూడా అటువంటిదే.

ఆ సెలవుల్లోనే నా స్నేహితుడికి ఉత్తరం రాసి క్షమాపణ అడిగాను. అందులో తొమ్మిదో వచనం కింద పదో వచనం కూడా పూర్తిగా రాశాను.